లెంట్: అబిడ్స్, నాంపల్లి చర్చిలలో నలభై రోజుల తపస్సు కాలం

విషయ పరిచయం

తెలుగు ప్రాంతాలలో క్రైస్తవ సంఘాలు ఎలా ఏర్పడ్డాయో మీరు ఇంతకు ముందు చదివి ఉంటారు. ఈ భాగంలో ఆ సంఘాల ఆరాధన సంవత్సరంలోని ఒక కాలాన్ని పరిశీలిద్దాం. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల కాలాన్ని లెంట్ అంటారు. పరీక్షలో దీని గురించి అడిగితే చాలామంది "క్రైస్తవులు నలభై రోజులు ఉపవాసం ఉంటారు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. అది తప్పు కాదు, కానీ అసలు విషయం అందులో లేదు. ఎవరు ఉంటారు, ఎవరు ఉండరు, ఉండనివారు ఎందుకు ఉండరు, ఉన్నవారిలో ఏం మారాలని ఆ సంప్రదాయం కోరుకుంటుంది అనేవి అసలు ప్రశ్నలు. వీటిని పుస్తకంలో కంటే ఒక వీధిలో చూడడం సులభం. అందుకే హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకున్నాం.

అబిడ్స్ అనే పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే అతని దుకాణం వల్ల వచ్చింది. దాని పక్కనే ఉన్న గన్‌ఫౌండ్రీలో ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివరలో ఫిరంగులు పోయించాడు. పాతవాళ్లు దాన్ని తోప్ కా సాంచా అనేవారు. ఫిరంగులు పోసిన ఆ చోటికి దగ్గరలోనే ఇప్పుడు సెయింట్ జోసెఫ్ కేథడ్రల్ ఉంది. 1870లో దానికి పునాది వేశారు, 1875 క్రిస్మస్‌కు ఆరాధనకు తెరిచారు. హైదరాబాదు కతోలిక పీఠం 1886లో ఏర్పడి, 1953లో అగ్రపీఠమైంది. ఆ అగ్రపీఠాధిపతి ప్రధాన దేవాలయం ఇదే. కొద్ది దూరంలో, 1860లలో కట్టిన సెయింట్ జార్జ్ చర్చి ఉంది. అది ఆంగ్లికన్ సంప్రదాయంలో పుట్టి, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో భాగమైంది. చిరాగ్ అలీ లేన్‌లో మెథడిస్టుల సెంటినరీ చర్చి ఉంది. అమెరికా మిషనరీలు స్థాపించిన ఈ మెథడిస్టు సంఘాలు సి.ఎస్.ఐ.లో చేరలేదు, 1981 నుంచి భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్రంగా ఉన్నాయి. ఈ మూడింటినీ ఒక పూటలో నడిచి చూడవచ్చు. మూడింటిలోనూ ఏసుక్రీస్తు సిలువనే ధ్యానిస్తారు, కానీ లెంట్‌ను మాత్రం మూడు చోట్లా ఒకేలా పాటించరు.

పేర్లలోనే ఉన్న తేడా

లెంట్ అనే ఇంగ్లీషు మాటకు మూలార్థం వసంతకాలం. అందులో మతపరమైన అర్థమేమీ లేదు. లాటిన్ పేరుకు మాత్రం "నలభయ్యవది" అని అర్థం. తెలుగులో కతోలికులు దీన్ని తపస్సు కాలం అంటారు. ప్రొటెస్టెంట్ సంఘాలలో శ్రమదినాలు, శ్రమకాలం అనే మాటలు వినిపిస్తాయి. రెండూ ఒకే రోజుల పేర్లే అయినా చూపు వేరు. తపస్సు అంటే మనిషి చేసేది. శ్రమ అంటే ఇక్కడ క్రీస్తు అనుభవించినది. ఒక పేరు "నువ్వేం చేస్తున్నావు?" అని అడుగుతుంది, రెండోది "నీకోసం ఏం జరిగిందో చూడు" అంటుంది.

శ్రమ అనే మాట దగ్గర ఒక జాగ్రత్త అవసరం. వాడుక తెలుగులో శ్రమ అంటే కష్టపడి పనిచేయడం. శ్రామికుడు, శ్రమజీవి అన్నప్పుడు మనకు తోచే అర్థం అదే. తెలుగు బైబిలు భాషలో మాత్రం శ్రమ అంటే బాధ, హింస, యాతన. ఈ తేడా తెలియకపోతే "శ్రమదినాలు" అన్న గోడపత్రిక చూసి ఏదో శ్రమదాన కార్యక్రమం అనుకునే ప్రమాదం ఉంది.

ఆరాధన పదాలలో కూడా ఇలాంటి తేడాలే కనిపిస్తాయి. కతోలికులు విచారణ అంటే పరిపాలన విచారణ కాదు, ఒక గురువు బాధ్యతలో ఉండే స్థానిక సంఘం. గురువు ముందు తన తప్పులు ఒప్పుకోవడాన్ని పాపసంకీర్తనం అంటారు. ప్రొటెస్టెంట్లలో పాస్టరుగారి దగ్గర అలా ఒప్పుకునే నియమం లేదు. ఒప్పుకోలు ప్రార్థన సంఘమంతా కలిసి చెబుతారు. లెంట్‌లో ఈ రెండూ ఎక్కువ బరువు సంతరించుకుంటాయి.

రోజుల లెక్క

ఈస్టర్ ఏటా ఒకే తేదీన రాదు. మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే మొదటి పున్నమి తరవాతి ఆదివారం ఈస్టర్. ఈ పున్నమిని ఆకాశంలో చూసి కాదు, సంఘం తయారుచేసుకున్న పట్టికను బట్టి నిర్ణయిస్తారు. పంచాంగం చూసే ఇంటిలో పెరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. చాలా ఏళ్లలో అది మన చైత్ర పున్నమి దగ్గరే పడుతుంది. ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

2025ను తీసుకోండి. పట్టిక ప్రకారం పున్నమి ఏప్రిల్ 13. ఆ రోజే ఆదివారం. పున్నమి ఆదివారం పడితే ఆ తరవాతి ఆదివారమే ఈస్టర్ కాబట్టి ఏప్రిల్ 20 అయింది. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే మార్చి 5 బుధవారం లెంట్ మొదలు. మార్చి 5 నుంచి ఏప్రిల్ 19 వరకు మొత్తం 46 రోజులు. వాటిలో ఆరు ఆదివారాలు. ఆదివారం క్రీస్తు తిరిగి లేచిన రోజు కనుక ఉపవాసం లెక్కలోకి రాదు. మిగిలినవి 40. ఏసు అరణ్యంలో నలభై రోజులు ఉపవసించాడనీ, మోషే కొండ మీద నలభై రోజులు ఉన్నాడనీ బైబిలు చెప్పే కథనాలు ఈ సంఖ్యకు ఆధారం. 325లో జరిగిన నికయా మహాసభ నియమాలలో నలభై రోజుల కాలం ప్రస్తావన కనిపిస్తుంది. అంతకు ముందు ఈస్టర్ ఉపవాసం కొద్ది రోజులే ఉండేది.

ఇక్కడే ఒక చిన్న లెక్క మీరే వేసి చూడండి. సెయింట్ జోసెఫ్ పండుగ మార్చి 19. ఈ పండుగ లెంట్ బయట పడే అవకాశం ఉందా? ఈస్టర్ మార్చి 22 కంటే ముందు రాదు, లెంట్ మార్చి 10 కంటే ఆలస్యంగా మొదలవదు. కాబట్టి మార్చి 19 ఎప్పుడూ లెంట్ లోపలే. అంటే గన్‌ఫౌండ్రీ కేథడ్రల్ పాలక పునీతుడి పండుగ ప్రతి ఏడూ తపస్సు నడుమనే వస్తుంది. ఆ ఒక్క రోజు గురువులు ఊదారంగు విడిచి తెల్లటి ఉడుపులు ధరిస్తారు, లెంట్ అంతా పాడకుండా ఆపిన మహిమ గీతం పాడతారు, శుక్రవారమైనా మాంసం మానే నియమం ఉండదు. ఆదివారంతో గాని పవిత్ర వారంతో గాని ఢీకొంటే పండుగనే పక్కకు జరుపుతారు. 2008లో ఈస్టర్ మార్చి 23న రావడంతో ఈ పండుగను మార్చి 15నే జరిపారు. కఠినమైన కాలంలో కూడా ఊపిరి తీసుకునే చోటు పెట్టడం ఈ పద్ధతిలోని తెలివి అని చెప్పవచ్చు.

విభూది బుధవారం

లెంట్ మొదటి రోజును కతోలికులు విభూది బుధవారం అంటారు, ప్రొటెస్టెంట్లు ఎక్కువగా భస్మ బుధవారం అంటారు. కిందటి ఏడు మట్టల ఆదివారం నాడు పంచిన ఆకులను దాచి, కాల్చి ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు వేస్తారు. వేస్తూ గురువు అనే మాటల సారం ఇది: నువ్వు మట్టివి, మళ్లీ మట్టిలోనే కలుస్తావు. దానికి బదులుగా, మనసు మార్చుకుని సువార్తను నమ్మమని చెప్పే మరొక వాక్యం కూడా వాడుకలో ఉంది.

విభూది అనే మాట వినగానే మనకు శివాలయం గుర్తొస్తుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడకూడదు. శైవంలో విభూతి శివుని ప్రసాదం, రోజూ ధరించేది, సంప్రదాయంగా ఆవుపేడ పిడకలను కాల్చి చేసేది. అది భక్తుడికి రక్ష, శివత్వానికి గుర్తు. క్రైస్తవ విభూది ఏడాదికి ఒక్క రోజుది. అది రక్ష కాదు, ఒప్పుకోలు. యోబు బూడిదలో కూర్చుని పశ్చాత్తాపపడ్డాడనీ, నీనెవె రాజు గోనె కట్టుకుని బూడిదలో కూర్చున్నాడనీ బైబిలులో ఉంది. అదే ఈ ఆచారానికి మూలం. కానీ చావు తప్పదన్న గుర్తుగా బూడిదను ఎంచుకోవడం రెండు చోట్లా ఉందన్న సంగతిని కూడా కాదనలేం. తెలుగు కతోలికులు వేరే మాట వెదక్కుండా విభూది అన్న మాటనే తీసుకోవడం ఊరికే జరగలేదనిపిస్తుంది.

ఆ రోజు ఆరాధనలో ఒక చిక్కు ఉంది. పూజలో చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయంలోది. దానం చేస్తే చాటుకోవద్దు, ప్రార్థన తలుపు వేసుకుని చేసుకో, ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కుని తలకు నూనె రాసుకో, నువ్వు ఉపవాసంలో ఉన్నావని ఎవరికీ తెలియనివ్వకు అని ఏసు చెప్పిన భాగం అది. ఆ మాటలు విన్న కొద్దిసేపటికే నుదుట నల్లటి సిలువతో భక్తులు బయటికి వస్తారు. అలాగే బస్సెక్కి నాంపల్లిలో ఆఫీసుకో కోర్టుకో వెళ్లాలి. తుడుచుకోవాలా, ఉంచుకోవాలా? తుడిస్తే నమ్మకాన్ని దాచినట్టు, ఉంచితే భక్తిని ప్రదర్శించినట్టు. ఇటలీలో బూడిదను నుదుట కాకుండా నడినెత్తి మీద చల్లుతారు. అక్కడ ఈ ప్రశ్న అంతగా రాదు. మన దగ్గర వస్తుంది. సంఘం దీనికి నియమం పెట్టలేదు. నా అభిప్రాయంలో ఆ ప్రశ్నతో రోజంతా గడపడమే ఆ బుధవారం చేసే పనిలో ముఖ్యమైన భాగం. ఎదుటివాడు నన్ను ఎలా చూస్తున్నాడు అన్న ఆలోచన ఎంత గట్టిగా పట్టుకుని ఉందో అప్పుడే తెలుస్తుంది.

ఏం మానాలి, ఎందుకు మానాలి

కతోలిక సంఘ చట్టం ప్రకారం తప్పనిసరి ఉపవాసం రెండే రోజులు: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. ఆ రోజుల్లో ఒక పూట నిండు భోజనం, మిగిలిన రెండు పూటలా కొద్దిగా మాత్రమే తినవచ్చు. 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్లు నిండేవరకు ఇది వర్తిస్తుంది. 14 ఏళ్లు దాటినవారు లెంట్ శుక్రవారాలలో మాంసం మానాలి. చేపలకు అభ్యంతరం లేదు. ఈ చివరి మాట విని గోదావరి జిల్లాలవాళ్లు నవ్వుతారు. కొర్రమీను పులుసు తిని త్యాగం చేశామనుకోవడం ఎలాగని. నియమం అక్షరం దగ్గర ఆగితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

అందుకే లెంట్ బోధన ఎప్పుడూ మూడింటిని కలిపి చెబుతుంది: ప్రార్థన, ఉపవాసం, దానం. వీటిని విడివిడిగా చూస్తే అర్థం చెడుతుంది. ఉపవాసం వల్ల మిగిలింది ఎవరి చేతికి వెళ్లిందన్నది అసలు ప్రశ్న. యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం ఈ విషయంలో చాలా కటువుగా ఉంటుంది. ఒకపక్క ఉపవాసం ఉంటూ మరోపక్క పనివాళ్లను పీడించేవారిని ప్రవక్త నిలదీస్తాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, కట్లు విప్పడం, బట్టలేనివాడికి బట్ట ఇవ్వడమే దేవుడు కోరే ఉపవాసం అంటాడు. కారితాస్ ఇండియా ఏటా లెంట్‌లో విరాళాల సేకరణ చేపట్టడానికి వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఇక్కడ మనం ఒక కఠినమైన ప్రశ్న దాటిపోకూడదు. తెలుగు క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు. కూలి దొరకని రోజు పస్తున్న తాతల జ్ఞాపకం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. పస్తుకూ ఉపవాసానికీ తేడా ఏమిటి? పస్తు మీద పడేది, ఉపవాసం ఎంచుకునేది. తిండి ఉన్నవాడే దాన్ని మానగలడు. కాబట్టి లెంట్ బోధ ఉన్నవాడికి ఒకలా, లేనివాడికి మరొకలా వినిపించాలి. లేనివాడికి ఇంకా మానుకోమని చెప్పడం యెషయా ఉద్దేశం కాదు. సంఘ చట్టం రోగులను, బలహీనులను, కష్టమైన పని చేసేవారిని పట్టిపెట్టకపోవడానికి కారణం ఇదే.

ఈ రోజుల్లో యువతీయువకులు మాంసం బదులు ఫోను, సీరియళ్లు, సినిమాలు మానుతున్నారు. కొందరు పెద్దలు దీన్ని తేలిగ్గా తీసేస్తారు. మనిషి దేనికి బానిసో దాన్నే మానడం కదా పద్ధతి. అలా చూస్తే ఫోను మానడమే కష్టమైన తపస్సు. శాకాహారికి శుక్రవారం మాంసం మానడం తపస్సు ఎలా అవుతుంది?

పెళ్లిళ్ల విషయం కూడా చెప్పాలి. తెలుగు క్రైస్తవ కుటుంబాలు లెంట్‌లో సాధారణంగా పెళ్లి పెట్టుకోవు. పైకి ఇది మూఢంలో పెళ్లి చేయకపోవడంలా కనిపిస్తుంది. కారణం మాత్రం వేరు. మూఢం మంచి కాలం కాదన్న నమ్మకం మీద నిలిచింది. లెంట్ చెడు కాలం కాదు. సంబరానికి తగిన కాలం కాదు, అంతే.

పాటించనివారి వాదన

1522లో స్విట్జర్లాండులోని జూరిక్‌లో ఒక ముద్రాపకుడి ఇంట్లో పనివాళ్లు లెంట్‌లో సాసేజీలు తిన్నారు. పక్కనే ఉన్న మతబోధకుడు జ్వింగ్లీ తాను తినలేదు గాని వారి పక్షాన నిలిచాడు. తినడం, మానడం మనిషి స్వేచ్ఛ; బైబిలు ఆజ్ఞాపించని దాన్ని సంఘం పాపంగా ప్రకటించకూడదు అన్నది ఆయన వాదన. స్విస్ సంస్కరణ ఉద్యమం ఈ గొడవతో వేడెక్కింది.

ఆ వాదన ఇవాళ హైదరాబాదులోనూ వినవచ్చు. అనేక పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు లెంట్ పాటించవు. బైబిలులో ఆజ్ఞ లేదు, ప్రతి రోజూ ప్రభువు దినమే, నలభై రోజులు పవిత్రంగా ఉండి నలభై ఒకటో రోజు పాత దారి పట్టడం కపటం అని వారు అంటారు. మూడో మాటలో నిజం ఉందని లెంట్ పాటించేవారు కూడా ఒప్పుకుంటారు. అయితే ఇవే సంఘాలు ఏడాదిలో వేరే సమయాల్లో ఇరవై ఒక్క రోజులు, నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు పెడతాయి. అంటే కాలం నిర్ణయించుకుని సాధన చేయడం మీద వారికి అభ్యంతరం లేదు. అందరికీ ఒకే కాలం విధించడం మీదే.

మెథడిస్టుల కథ మధ్యలో ఉంటుంది. జాన్ వెస్లీ స్వయంగా ఉపవాసాన్ని గట్టిగా బోధించాడు. అయినా 1784లో అమెరికా మెథడిస్టుల కోసం ఆయన కుదించిన ప్రార్థనా గ్రంథంలో లెంట్ లేదు. తరవాతి తరాలు దాన్ని క్రమంగా తిరిగి తెచ్చుకున్నాయి. ఆంగ్లికన్లు లెంట్‌ను ఎప్పుడూ విడవలేదు గాని, పదహారో శతాబ్దంలో బూడిద పెట్టడం మానేశారు. బుధవారం పశ్చాత్తాప ప్రార్థన మాత్రం ఉంచుకున్నారు. అందుకే పాత ఆంగ్లికన్, మెథడిస్టు మూలాలున్న తెలుగు సంఘాలలో లెంట్ అంటే ముఖ్యంగా వాక్యం, పాట: సాయంత్రపు శ్రమకాల ధ్యానాలు, ఇళ్లలో ప్రార్థన కూటాలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని సిలువ పాటలు, శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు. కతోలికుల దగ్గర శరీరం ఎక్కువ పాల్గొంటుంది: నుదుట బూడిద, పద్నాలుగు స్థలాల దగ్గర ఆగుతూ మోకరించే సిలువ మార్గం, పాపసంకీర్తనం కోసం వరుస. లెంట్ అంతా వారి పూజలో అల్లెలూయ అనే మాటే వినిపించదు. మాటిమాటికీ ఆ మాట పలికే సంఘాల నుంచి వచ్చినవారికి ఆ నిశ్శబ్దం వెంటనే తెలుస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి: తపస్సు కాలం, శ్రమదినాలు అనే రెండు పేర్ల వెనుక ఉన్న చూపులు వేరని చదివారు. పై పేరాలోని ఆచారాలలో ఏది ఏ పేరుకు దగ్గరగా ఉందో మీ మాటల్లో రాయండి.

పాదాలు కడిగే గురువారం

లెంట్ చివర వచ్చే పవిత్ర గురువారం సాయంత్రం, ఏసు శిష్యుల పాదాలు కడిగిన సంఘటనను ఆచరించి చూపిస్తారు. కేథడ్రల్‌లలో మేత్రాణులే నడుముకు తువాలు కట్టుకుని వంగి పాదాలు కడుగుతారు. 2016 వరకు నియమం ప్రకారం పురుషుల పాదాలే కడగాలి. ఆ ఏడాది పోప్ ఫ్రాన్సిస్ నియమం మార్చి స్త్రీలకూ చోటిచ్చారు. అంతకు ముందే 2013లో ఆయన రోములోని బాల నేరస్తుల నిర్బంధ గృహానికి వెళ్లి, అమ్మాయిలతోనూ ముస్లిములతోనూ కలిపి పన్నెండు మంది పాదాలు కడిగారు.

ఈ ఆచారం ఐరోపాలో ఒక అర్థం ఇస్తే మన నేల మీద ఇంకా పదునైన అర్థం ఇస్తుంది. మన పెళ్లిలో వధువు తల్లిదండ్రులు వరుడి కాళ్లు కడుగుతారు. పెద్దల పాదాలకు చిన్నవారు మొక్కుతారు. పాదం ఎవరు ముట్టుకోవాలో, ఎవరిని ముట్టుకోకూడదో కులం తరతరాలుగా నిర్ణయించింది. అలాంటి చోట, ఊదా టోపీ పెట్టుకునే పీఠాధిపతి ఒక కూలివాడి పాదం కడగడం నాటకమా, నిజమా? గురువారం సాయంత్రం అది నిజమే. శుక్రవారం ఉదయానికి శ్మశానం దగ్గరో, పెళ్లి సంబంధం దగ్గరో, సంఘ కమిటీ ఎన్నిక దగ్గరో కులం తిరిగి లేస్తే అది నాటకం. భారత కతోలిక మేత్రాణుల సభ 2016లో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, సంఘం లోపల వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న మొదటి తెలుగువారు, మొదటి దళితుడు ఆయనే. ఇక చట్టంలో, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు నేటికీ షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. లెంట్‌లో "ఆత్మపరిశీలన" అనే మాట వ్యక్తి మనసుకే పరిమితం కాదనడానికి ఈ గురువారమే చాలు.

రంజాన్‌తో ఒకే వీధిలో

2025లో మార్చి 2న రంజాన్ ఉపవాసాలు, మార్చి 5న లెంట్ మొదలయ్యాయి. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా చుట్టూ సాయంత్రం ఇఫ్తార్ సందడి ఉంటే, నడిచే దూరంలో చర్చిలలో సిలువ మార్గం జరిగింది. ఇస్లామీ చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు చిన్నది కావడంతో రంజాన్ ఏటా వెనక్కి జరుగుతూ అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. లెంట్ ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యలోనే ఉంటుంది. కాబట్టి ఈ కలయిక కొన్నేళ్లు వరుసగా వచ్చి, మళ్లీ చాలా ఏళ్లు కనిపించదు. రంజాన్‌లో పగటి పూట నీరు కూడా ముట్టరు, సూర్యాస్తమయం తరవాత అందరూ కలిసి తింటారు. లెంట్‌లో నియమం తేలిక, కాలం పొడవు, రోజూ విందు లేదు. ఏది కఠినమని పోల్చడం కంటే, ఆకలిని సంఘజీవితంగా మార్చే పద్ధతి రెండింటిలో ఎలా వేరుగా ఉందో గమనించండి.

కృత్యం: వచ్చే లెంట్‌లో ఒక శుక్రవారం సాయంత్రం మీకు దగ్గరలోని కతోలిక దేవాలయంలో సిలువ మార్గానికి, మరొక సాయంత్రం సి.ఎస్.ఐ. లేదా మెథడిస్టు చర్చిలో శ్రమకాల ధ్యానానికి వెళ్లండి. క్రైస్తవులు కానివారు కూడా వెళ్లవచ్చు. వెనుక వరుసలో కూర్చోండి, అందరూ లేచినప్పుడు లేవండి. మోకరించడం మీ ఇష్టం. ప్రసాదం పంచే వరుసలోకి మాత్రం వెళ్లకండి, అది ఆ సంఘ సభ్యులకే. ఫొటోలు తీయకండి. ఇంటికి వచ్చాక రెండు చోట్లా విన్న తెలుగు మాటలను రెండు వరుసల్లో రాసి, ఏ మాట ఎక్కడ వినిపించిందో, ఏది రెండు చోట్లా వినిపించిందో గుర్తించండి. ఆ జాబితాను స్టడీ సెంటరులో మీ కౌన్సిలరుకు చూపించి చర్చించండి.